మబ్బు ఎత్తు

ఆ ఏడాది సముద్రం గడ్డకట్టడం ఆలస్యమైంది. అక్టోబరు సగం గడిచినా ఒడ్డున పల్చటి మంచు పొర కూడా కట్టలేదు. నల్లటి నీళ్ళ మీంచి పొగమంచు లేచి, ఊరి మీదికి వచ్చి, కంకర రన్‌వే మీద బైఠాయించేది. విమానాలు వచ్చేవి కావు. వచ్చినా దిగేవి కావు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, విమానం తప్ప ఇంకో దారి లేని ఊరు మా సవిక్తూక్.

నా పని ఆ రన్‌వే పక్కనున్న చిన్న ఆఫీసులో. గంటకోసారి బయటికి వెళ్ళి ఆకాశం చూడాలి. గాలి ఎటునుంచి వీస్తోంది, కంటికి ఎంత దూరం ఆనుతోంది, మబ్బు ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, ఇవన్నీ రాసుకుని రేడియోలో చెప్పాలి. మబ్బు ఎత్తు చూడటానికి ఎర్ర బెలూన్‌లో గ్యాసు నింపి వదిలేదాన్ని. అది మబ్బులో కలిసిపోయేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. నిమిషం పడితే అయిదు వందల అడుగులు. అయిదు వందలుంటే విమానం దిగొచ్చు. లేకపోతే రెండు గంటల దారి, వచ్చిన దారినే మా పట్నం ఇకాలుయిత్‌కి తిరిగి వెళ్ళిపోవాలి. పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్నాను.

"విమానం రాదని చెప్పడానికి నీకు జీతమిస్తున్నారు నపాచీ. నేనైతే ఊరికే చెప్తాను," అనేవాడు సరుకు దింపే మోసేసీ. ఇంతకు ముందైతే ఏదో ఒకటి తిప్పికొట్టేదాన్ని. ఆ ఏడు నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

అసలు ఆగస్టు నుంచి చెప్పాలి.

అమ్మ జూన్ నుంచీ తిరుగుతూనే ఉంది. ఊపిరితిత్తుల్లో గడ్డ. మూడు విమానాలు మారి దక్షిణాన పెద్దాసుపత్రికి వెళ్ళడం, మందెక్కించుకోవడం, మూడు విమానాలు మారి ఇంటికి రావడం, వాంతులు తగ్గీ తగ్గకముందే మళ్ళీ సంచి సర్దుకోవడం. ఆగస్టులో డాక్టర్లు ఇక చాలన్నారు. కాదు, అమ్మే ఇక చాలందని తమ్ముడు అంటాడు. రెండూ నిజమే అయుండొచ్చు.

అమ్మ నన్ను అన్నయ్యా అని పిలిచేది. నేను పుట్టడానికి నెల ముందు అమ్మ వాళ్ళన్న వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన పేరే నాకు పెట్టారు. పేరు ఎవరిదైతే మనిషీ వాళ్ళే, మా లెక్కలో. అందుకని అమ్మకి నేను అన్నయ్యని, తమ్ముడు జోవానసీకి మామయ్యని. నలభై ఏళ్ళ ఆడదాన్ని పట్టుకుని మీసాల మగాడు "మామయ్యా, టీ పెట్టవా" అంటుంటే దక్షిణం నుంచి కొత్తగా వచ్చిన నర్సులు వింతగా చూసేవాళ్ళు.

ఇకాలుయిత్ దాకా వచ్చిన అమ్మ అక్కడ ఇరుక్కుపోయింది. ఇక్కడ మబ్బు. రోజూ పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసేది.

"అన్నయ్యా, ఎలా ఉంది ఇవాళ మీ ఆకాశం?"

"బాలేదమ్మా. మూడు వందలు."

"నిన్న?"

"నిన్నా అంతే."

"ఇక్కడ రోజూ కోడే పెడుతున్నారే. తిని తిని నాకే రెక్కలు మొలిచేలా ఉన్నాయి. మొలిస్తే మాత్రం నిన్నడగను, ఎగిరొచ్చేస్తాను."

నాలుగో రోజు జోకులేమీ లేవు. ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి మాట్లాడింది.

"అన్నయ్యా, ఇక్కడ పోతే పెట్టెలో పెట్టి పంపిస్తారు. పెట్టెకి కిటికీ ఉండదు. మన ఊరు పైనుంచి ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలని ఉంది."

మర్నాడు మధ్యాహ్నం అమ్మనెక్కించుకుని విమానం బయల్దేరింది. వచ్చేసరికి మబ్బు లేవొచ్చని వాళ్ళ ఆశ. నేను బయటికెళ్ళి బెలూన్ వదిలాను. ముప్ఫయ్యారు దగ్గర మాయమైంది. అంటే మూడు వందలు. లోపలికి వచ్చేసరికి రేడియోలో డెర్మట్ గొంతు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళకి విమానం నడుపుతున్నాడు. అందరినీ తల్లీ, నాయనా అంటాడు.

"నపాచీ తల్లీ, పైకొచ్చేశాం. మబ్బు ఎంతుంది?"

"అయిదు వందలు," అన్నాను.

గొంతు వణకలేదు. నాకు ఇప్పటికీ అదే ఆశ్చర్యం.

విమానం మబ్బులోంచి ఊడిపడ్డట్టు వచ్చింది. డీజిల్ ట్యాంకుల నెత్తిన, ఎంత కిందగా అంటే బయట నిలబడ్డ మోసేసీ తల వంచాడు. రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనాయి. కంకర ఎగిరింది. ఆ చివర, ఇంకో పది అడుగులుంటే సముద్రం అనగా ఆగింది. ట్రక్కు దగ్గర నిలబడ్డ జోవానసీ చప్పట్లు కొట్టాడు. "డెర్మట్ మొనగాడ్రా!" అని అరిచాడు. మెట్ల మీంచి ఒక్కొక్కరే దిగారు. మొత్తం తొమ్మిది మంది. కోటు వెనక సంచిలో పసిబిడ్డనేసుకున్న పిల్ల తెల్లగా పాలిపోయి ఉంది. ఆఖర్న జోవానసీ పైకెళ్ళి అమ్మని రెండు చేతుల మీద ఎత్తుకుని దింపాడు. సంచి ఎత్తినంత తేలిగ్గా ఎత్తాడు.

డెర్మట్ ఆఫీసులోకి వచ్చాడు. టీ పోసిచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకున్నా టీ అంచు మీంచి ఒలికింది.

"ఎంత చెప్పావు తల్లీ?"

"అయిదు వందలు."

"నాకు నేల మూడు వందల దగ్గర కనిపించింది. నేలకన్నా ముందు ట్యాంకులు కనిపించాయి."

నేను ఒలికిన టీ తుడిచాను.

"మీ అమ్మ ఉందని నాకు తెలుసు," అన్నాడు. తలుపు వైపు చూస్తూ అన్నాడు, నా వైపు కాదు. "మబ్బులో ఉన్నప్పుడు నువ్వు చెప్పిన అంకె తప్ప నాకు ఇంకేం ఉండదు నపాచీ."

టీ సగం వదిలేసి వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుంటే నా ఉద్యోగం ఆ రోజే పోయేది.

అమ్మని ముందు గదిలో కిటికీ దగ్గర పడుకోబెట్టాం. కోడి అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదంది. జోవానసీ సముద్రం మీదికి వేటకెళ్ళి సీలుని కొట్టి తెచ్చాడు. నేల మీద అట్టముక్కలు పరిచి, చుట్టూ కూర్చుని తిన్నాం. అమ్మ రెండు ముక్కలే తింది. కానీ ముక్కలు కోసింది మాత్రం ఆవిడే, అర్ధచంద్రంలా ఉండే తన ఉలూ కత్తితో. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తమ్ముడు బయటికెళ్ళాక కత్తి తుడుస్తూ అడిగింది.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వేం చెప్పావు వాళ్ళకి?"

"ఎవరికి?"

"కిటికీ పక్కనే కూర్చున్నాను. ట్యాంకు మీద పిల్లలు రంగుతో రాసిన పేర్లు కూడా చదివాను నేను."

నేను అట్టముక్కలు మడత పెడుతున్నాను. చెప్పాలో వద్దో తేల్చుకునేలోపే అమ్మ మళ్ళీ అంది.

"నా సంగతి వదిలెయ్. నా పక్క సీట్లో ఆ పిల్ల, చంటిదాన్ని రొమ్ముకి అదుముకుని కళ్ళు మూసుకుంది. ఇంకెప్పుడూ అలాంటి పని చెయ్యకు."

"చెయ్యను."

"ఊరు మాత్రం బాగుంది పైనుంచి," అంది కాసేపాగి. "మన ఇల్లు ఇంత ఉంది." వేలి గోరు చూపించింది.

సెప్టెంబరంతా అలాగే గడిచింది. నేను గంటకోసారి ఆకాశం చూడటం, మధ్యలో నలభై నిమిషాలు దొరికితే ట్రక్కేసుకుని ఇంటికి పరిగెత్తి అమ్మ వీపు రుద్దడం, మళ్ళీ ఆఫీసు. జోవానసీ గనిలో పనిచేసేవాడు. మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. వెళ్ళే రోజు దగ్గరపడేకొద్దీ అమ్మ పక్కనే తచ్చాడేవాడు.

"ఈసారి మానేస్తానమ్మా."

"మానేసి? నా మొహం చూస్తూ కూర్చుంటావా? నిన్న ఏమీ తోచక బాగానే ఉన్న కుర్చీ విప్పావు. ఇవాళ దానికి మూడు కాళ్ళే ఉన్నాయి."

"నాలుగోది రేపు బిగిస్తానన్నాను కదా!"

"వెళ్ళు నాయనా. మంచు కట్టేసరికి వచ్చేస్తావు. ఎక్కడికీ పోను నేను. పోవాలన్నా మీ మామయ్య విమానాన్ని దిగనివ్వడుగా!"

ముగ్గురం నవ్వాం. అమ్మకి నవ్వితే దగ్గు తెర వచ్చింది. తమ్ముడు వీపు నిమిరాడు. మర్నాడు ఆకాశం అద్దంలా ఉంది. విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

అక్టోబరు రెండో వారంలో అమ్మ నీళ్ళు తప్ప ఇంకేం తీసుకోవడం మానేసింది. నర్సు సొలాంజ్ మూడేళ్ళుగా మా ఊళ్ళోనే ఉంటోంది. లోపల మాట లోపల దాచుకునే మనిషి కాదు. వాకిట్లోకి పిలిచి చెప్పింది.

"తమ్ముణ్ణి పిలిపించు. వారం అనుకో. అంతకన్నా తక్కువే అనుకో."

గనికి ఫోన్ చేశాను. వాళ్ళ విమానంలో వాణ్ణి మర్నాటికల్లా ఇకాలుయిత్ చేర్చారు. అక్కణ్ణుంచి మా ఊరికి రెండు గంటలు.

ఆ రెండు గంటల దారికి నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు విమానం అక్కడే ఆగిపోయింది. రెండో రోజు బయల్దేరి సగం దారిలో వెనక్కి తిరిగింది. మూడో రోజు మళ్ళీ ఆగిపోయింది. రోజుకి ఆరేడు సార్లు జోవానసీ ఫోన్.

"మామయ్యా, ఏమైనా తేలిందా?"

"లేదురా."

"కొంచెం కూడా?"

"రెండు వందలు దాటట్లేదు."

"అమ్మ?"

"అడుగుతోంది నిన్ను."

అటు పక్క చప్పుళ్ళే వినిపించేవి. మిగతా పాసింజర్లు, ఏడ్చే పిల్లలు, ఏదో టీవీ మోత. వాడు అక్కడ బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడని నాకు చూడకుండానే తెలుసు. నేను ఫోన్ పెట్టేసి బయటికెళ్ళి బెలూన్ వదిలేదాన్ని. ఇరవై. ఇరవై రెండు. పద్దెనిమిది. బెలూన్ల పెట్టె అడుగు కనిపిస్తోంది. పెట్టె నింపాలన్నా విమానమే రావాలి. చేతుల చర్మం పగిలి చేతి తొడుగులకి అంటుకునేది. మోసేసీ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, పైకి చూసి, "తాడు కట్టి దింపేద్దామా ఏంటి?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి భుజం మీద ఒక్కసారి తట్టి తన షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి వచ్చింది విమానం. చప్పుడైతే వచ్చింది. మబ్బు పైన ఎక్కడో, తూర్పు నుంచి పడమటికి, మళ్ళీ పడమటి నుంచి తూర్పుకి.

బెలూన్ ఇరవై దాకా వెళ్ళింది. నేను లోపలికొచ్చి మైకు తీసుకునేసరికి బల్ల మీద ఫోన్ మోగింది. ఎత్తాను. సొలాంజ్ ఫోను అమ్మ చెవి దగ్గర పట్టుకున్నట్టుంది, ముందు ఊపిరి వినిపించింది.

"అన్నయ్యా. చప్పుడవుతోంది. వాడేనా?"

"వాడేనమ్మా."

"దిగుతున్నాడా?"

ఇటు రేడియో. "నపాచీ తల్లీ, ఎంతుందక్కడ?"

మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను. "రెండు వందలకి లోపే. చూపు పావు మైలు."

"సందేమైనా ఉందా? ఎక్కడైనా? నా దగ్గర ఇంకో ఇరవై నిమిషాలకి ఇంధనం ఉంది. తిరుగుతుంటాను. నువ్వు చూస్తుండు."

కిటికీలోంచి చూశాను. ట్యాంకులు లేవు. రన్‌వే దీపాల్లో మొదటి రెండూ కనిపిస్తున్నాయి, మూడోది ఉన్నట్టూ లేనట్టూ ఉంది. ఫోన్ అలాగే చెవి దగ్గరుంది. అమ్మ ఇంకేం అడగలేదు. వింటోంది. నేనూ వింటున్నాను. మా ఇద్దరి నెత్తి మీదా ఒకే చప్పుడు, నాకంటే ఒక క్షణం వెనగ్గా ఆవిడ వైపు ఫోన్లో వినిపిస్తోంది.

అప్పుడు దక్షిణం వైపు మబ్బు చిరిగింది. రెండు మైళ్ళ అవతలున్న గుట్ట, దాని మీద ఇనుప స్తంభం, కిందున్న మంచు చారలతో సహా స్పష్టంగా కనిపించాయి. అక్కడ ఆకాశం కొంచెం నీలంగా కూడా ఉంది.

"ఏమైనా ఉందా తల్లీ?" అన్నాడు డెర్మట్. ఆ గొంతులో సందుంటే చాలన్న ఆశ ఉంది. ఆయన వెనక మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నేను ఒక్క మాట అంటే వచ్చేస్తారు.

గుట్ట మీదికి మళ్ళీ తెల్లగా పాకింది. ముందు స్తంభం పోయింది, తర్వాత చారలు.

"ఏం లేదు," అన్నాను. "రెండు వందలకి లోపే."

"అర్థమైంది. వెనక్కెళ్తున్నాం," అన్నాడు.

ఫోన్లో అమ్మ అంది, "దూరంగా పోతోంది చప్పుడు."

"ఆఁ అమ్మా. మబ్బెక్కువగా ఉంది."

"పడకుండా వెళ్తున్నాడు కదా?"

"బాగానే వెళ్తున్నాడు."

"సరేలే," అంది. తర్వాత సొలాంజ్ ఫోను తీసేసుకుంది.

మర్నాడు పొద్దున పదింటి బెలూన్ వదిలి లెక్కపెడుతున్నాను. నలభై దాటింది. నలభై అయిదు. ఎర్ర చుక్క ఇంకా కనిపిస్తూనే ఉంది. మబ్బు లేస్తోంది. లోపలికి పరిగెత్తి మైకు అందుకోబోతుంటే ఫోన్ మోగింది. సొలాంజ్. ఒక్క మాటలో చెప్పింది. నేను కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాను చాలాసేపు. తర్వాత మైకు తీసుకుని, నాలుగు వందలు, లేస్తోంది అని చెప్పాను. అది నా పని.

విమానం మూడింటికి దిగింది. జోవానసీ అందరికన్నా ముందు దిగాడు. మెట్ల మీద ఉండగానే నా మొహం చూశాడు.

"ఎప్పుడు?"

"పదింటికి."

"నిన్న మేం ఇక్కడే తిరిగాం. ఇరవై నిమిషాలు."

"తెలుసు."

"ఆవిడకి తెలుసా?"

"విన్నది."

సంచి అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోయాడు. ట్రక్కెక్కమంటే ఎక్కలేదు. డెర్మట్ ఆఫీసులోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. "గాలి ఎటుంది?" అన్నాడు.

"వాయవ్యం. పది."

రాసుకుని వెళ్ళిపోయాడు.

మోసేసీ సరుకు షెడ్డులో చెక్క పలకలతో పెట్టె చేసి ఉంచాడు. మంచి పనివాడు, ఒక్క మేకు తల కూడా బయటికి లేదు. జోవానసీ మాత్రం రెండు రోజులు అక్కడే కూర్చుని ఉప్పు కాగితంతో దాన్ని రుద్దుతూనే ఉన్నాడు. మోసేసీ రాలిన పొడి ఊడ్చి ఊరుకున్నాడు. మూడో రోజు గుట్ట కింద పాతిపెట్టాం. నేల పైపైనే గడ్డకట్టింది, పలుగుతో పగిలింది. పైన రాళ్ళు పేర్చాం. ఊరంతా వచ్చింది. ఇంటికొచ్చి అందరూ టీ తాగి, చేపా రొట్టే తిని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నేను కప్పులు కడుగుతున్నాను. తమ్ముడు తుడుస్తున్నాడు. ఒకే కప్పు తుడుస్తూ ఉండిపోయాడు.

"ఆగస్టులో దిగింది కదా," అన్నాడు.

నేను కుళాయి కట్టేశాను.

"అప్పుడూ ఇదే మబ్బు. నేను అక్కడే ఉన్నాను. చూశాను. మరి అప్పుడెలా దిగింది?"

"అప్పుడు నేను అబద్ధం చెప్పాను."

"ఏంటి?"

"మూడు వందలుంటే అయిదు వందలన్నాను. అమ్మ వస్తోందని."

కప్పు బల్ల మీద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు.

"అమ్మ కోసం చెప్పావు."

"చెప్పాను."

"నా కోసం చెప్పలేకపోయావు."

"అప్పుడు పది అడుగుల్లో తప్పింది జోవానసీ. నువ్వు చప్పట్లు కొట్టావు. డెర్మట్ చేతులు చూడలేదు నువ్వు."

"నన్ను అడగొచ్చుగా! రేడియోలో అడగొచ్చుగా, మా తమ్ముడు ఒప్పుకుంటాడా అని! నేను ఒప్పుకునేవాణ్ణి. చచ్చినా సరే అనేవాణ్ణి."

"నీ వెనక సీట్లో వాళ్ళని ఎవరడగాలి?"

"నువ్వే అనుకున్నావు. నువ్వే తేల్చేశావు. ఆవిడ ఎప్పుడు రావాలో నువ్వే, నేను ఎప్పుడు రాకూడదో నువ్వే."

వాడు కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మోసేసీ వాళ్ళింట్లో ఉన్నాడు. బట్టలు కావాలంటే నేను డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చి తీసుకెళ్ళేవాడు. ఊరు మొత్తం కలిపి అరవై ఇళ్ళు. దుకాణంలో ఎదురుపడితే పిండి బస్తాల వైపు తిరిగేవాడు.

ఇంట్లో నేనొక్కదాన్నే. ముగ్గురికి చేసే అలవాటులో టీ ఎక్కువ పెట్టేదాన్ని, పారబోసేదాన్ని. ఆఫీసుకి వెళ్ళడానికి బూట్లు వేసుకోవడమే పెద్ద పనిలా ఉండేది. ఒక కాలికి వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చుండిపోయేదాన్ని. మానేద్దామని రెండుసార్లు ఉత్తరం రాశాను. మానేస్తే నా బదులు వచ్చేవాళ్ళు దక్షిణం నుంచి రావాలి, వచ్చేదాకా ఆకాశం ఎవరు చూస్తారు? ఉత్తరాలు బల్ల సొరుగులోనే ఉండిపోయాయి.

నవంబరు మొదట్లో ఒక్క వారంలో చలి దిగింది. సముద్రం మూసుకుపోయింది. అటునుంచి పొగ లేవడం ఆగిపోయింది. ఎనిమిదో తారీకున జోవానసీ మళ్ళీ గనికి వెళ్ళాలి.

విమానం టైమ్‌కి దిగింది. డెర్మట్ ఇంధనం నింపించుకుంటున్నాడు. వెయిటింగ్ గదిలో జనం బూట్ల చప్పుడు. నేను పాసింజర్ల కాగితం చూసుకుంటుంటే ఆఫీసు తలుపు తోసుకుని తమ్ముడు లోపలికి వచ్చాడు. పాసింజర్లు ఇటు రాకూడదు. సంచి కింద పెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఎక్కడ చూస్తావు నువ్వు?" అన్నాడు. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"ముందు దీపాలు. ఒక్కో దీపానికీ మధ్య ఎంత దూరమో తెలుసు కదా, ఎన్ని కనిపిస్తే అంత. తర్వాత ట్యాంకులు, అర మైలు. అటు చర్చి కప్పు, ముప్పావు. దక్షిణాన ఆ గుట్ట, స్తంభం ఉంది చూడు, అది రెండు మైళ్ళు."

ఒక్కొక్కటే చూశాడు. ఆ రోజు అన్నీ కనిపిస్తున్నాయి. గుట్ట కింద రాళ్ళ కుప్ప కూడా.

"ఆ రోజు ఏం కనిపించింది?"

"రెండు దీపాలు."

"అంతేనా?"

అక్కడితో ఆపేయొచ్చు. వాడికి ఎలాగూ తెలిసే దారి లేదు. ఎవరికీ తెలియదు.

"ఒక నిమిషం గుట్ట కనిపించింది," అన్నాను. "స్తంభంతో సహా. డెర్మట్ సందుందా అని అడుగుతున్నప్పుడే. నేను లేదన్నాను."

వాడు నా వైపు తిరగలేదు. కిటికీ అద్దం మీద వాడి ఊపిరి తెల్లగా పట్టింది.

"ఒక్క నిమిషమేనా?"

"ఒక్క నిమిషం. అంతకన్నా తక్కువే కూడా."

"పైనుంచి తిరిగి నేల తాకడానికి ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు నిమిషాలు."

కిటికీ పైన గోడ గడియారం ఉంది, సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటుంది. వాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ముల్లు ఒక చుట్టు తిరిగింది. గుట్ట వైపు చూశాడు. మళ్ళీ గడియారం. రెండో చుట్టు. బయట మోసేసీ పెట్టెలు ఎక్కిస్తూ ఎవరినో తిడుతున్నాడు. మూడో చుట్టు. వాడి పెదాలు కొంచెం కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడో ఏమో. నాలుగో చుట్టు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. నేను కూడా నిలబడ్డాను. నాలుగు నిమిషాలు అంత పొడుగుంటాయని నాకూ తెలియదు.

"సరే," అన్నాడు.

సంచి భుజానికి తగిలించుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"ఆ కుర్చీ నాలుగో కాలు నా మంచం కింద ఉంది. వచ్చాక బిగిస్తాను. నువ్వు కూర్చోకు దాని మీద."

"కూర్చోను."

వరసలో ఆఖర్న నడిచి వెళ్ళి విమానం ఎక్కాడు. డెర్మట్ రేడియోలో గాలి అడిగాడు, చెప్పాను. మబ్బు అడిగాడు.

"మబ్బే లేదు," అన్నాను. "చూపు పదిహేను మైళ్ళు."

విమానం లేచాక టైమ్ రాశాను. గుట్ట దాటేదాకా కనిపించింది. ఆ తర్వాత కూడా చాలాసేపు కనిపించింది, చుక్కంత అయ్యేదాకా. మళ్ళీ ఆకాశం చూడటానికి నలభై నిమిషాల టైముంది. ఆఫీసు కుర్చీలో కూర్చుని బూట్లు విప్పాను.